ఇరవై అయిదో తారీఖున గుడికి తాళం

(డాలస్ పరిసరాల తెలుగువారి రేడియో కార్యక్రమంలో డిసెంబరు మొదటి వారం ప్రసారమైన ప్రసంగం. మాట్లాడిన తీరు మార్చకుండా ఇస్తున్నాం.)

 

ఈ పదిహేను నిమిషాలూ నన్ను క్రిస్మస్ సందేశం ఇవ్వమన్నారు. సందేశాలివ్వడానికి నేను పాస్టరు గారిని కాను. పొద్దున్నే లాప్‌టాప్ సంచీ తగిలించుకుని ఆఫీసుకి పోయే మనిషిని. అయితే మా తెలుగు సంఘంలో పోయిన నెల ఒక వాదన లేచింది, ఇంకా తేలలేదు. దాని గురించి చెప్పమంటే చెబుతాను అన్నాను. సరే అన్నారు. క్రైస్తవులు కానివాళ్ళు కూడా రేడియో కట్టేయకండి, ఈ చిక్కు మీ ఇళ్ళలోనూ ఉంది.

వాదన ఇదీ. ఈసారి క్రిస్మస్ ఆరాధన 25వ తారీఖున వద్దు, ముందొచ్చే శనివారం సాయంత్రం పెట్టుకుందాం అని కొందరన్నారు. వాళ్ళు చెప్పిన కారణాలు కొట్టిపారేసేవి కావు. మనం అద్దెకి తీసుకునే చర్చి హాలు 25న తెరవరు. పిల్లలకి సెలవులు కాబట్టి కొన్ని కుటుంబాలు ఫ్లోరిడా పోతాయి, కొన్ని ఇండియా. శనివారమైతే జనం నిండుగా వస్తారు, పిల్లల చేత నాటిక వేయించవచ్చు, భోజనాలు బయట చెప్పుకోవచ్చు. అయినా ఈ దేశంలో మనం ఏ పండగ రోజున చేసుకుంటున్నాం గనుక? ఉగాది శనివారం, సంక్రాంతి శనివారం, దీపావళి అయితే హాలు దొరికిన శనివారం. నరకాసురుణ్ణి కూడా వీకెండ్ దాకా ఆగమంటున్నామండీ అని మా పక్కింటాయన నవ్వుతుంటారు.

నేను కాదన్నాను. కొంచెం గట్టిగానే కాదన్నాను, ఆ రోజు గొంతు పెంచినందుకు తర్వాత ఇద్దరికి ఫోన్ చేసి క్షమాపణ కూడా చెప్పుకున్నాను. ఎందుకంత పట్టుదల అని మా అబ్బాయే అడిగాడు. వాడికి గుర్తు లేదు, అప్పుడు ఆరేళ్ళవాడు. వాడికి చెప్పిందే మీకూ చెబుతాను.

2005లో మా అమ్మ మొదటిసారి అమెరికా వచ్చింది. మాది ఒంగోలు దగ్గర పల్లె. అమ్మకి క్రిస్మస్ అంటే డిసెంబరు మొదలయ్యేసరికి గోడలకి సున్నం, దర్జీ దగ్గర పడిగాపులు, వెదురు బద్దలకి రంగు కాగితాలంటించి చేసిన నక్షత్రం, గుళ్ళో సరుగుడు కొమ్మ నాటి దానికి కట్టిన మెరుపు కాగితాలు. 24 రాత్రి పెట్రోమాక్సు లైటు పట్టుకుని పాటల వాళ్ళు ఇంటింటికీ తిరిగేవాళ్ళు. తెల్లారగట్ల నాలుగింటికి తలంటు పోసుకుని, తెల్లచీర కట్టుకుని గుడికి. నాకు తెలిసి అరవై ఏళ్ళలో ఒక్క క్రిస్మస్ ఉదయం కూడా ఆవిడ గుడి మానలేదు. నేను పుట్టిన ఏడు కూడా, పదమూడు రోజుల పసిబిడ్డని చీర కొంగులో చుట్టుకుని వెళ్ళిందట.

ఆ ఏడు క్రిస్మస్ సరిగ్గా ఆదివారం వచ్చింది. అమ్మ సంబరానికి అంతు లేదు. రెండు పండగలూ ఒక్క రోజే అంది. మేం అప్పట్లో ఇంటి దగ్గరున్న ఒక పెద్ద అమెరికన్ చర్చికి వెళ్ళేవాళ్ళం. 24 సాయంత్రం కొవ్వొత్తుల ఆరాధన జరిగింది, అమ్మని తీసుకెళ్ళాను. బాగుందిరా, మరి రేపు పొద్దున ఎన్నింటికి అంది. పదింటికేగా, మామూలే అన్నాను. ప్రకటనలు నేను సరిగా వినలేదు. ఆదివారం పూట, అదీ క్రిస్మస్ పూట, చర్చి ఉండదేమోనన్న అనుమానం ఎవరికైనా ఎందుకొస్తుంది?

వెళ్ళేసరికి పార్కింగ్ స్థలం ఖాళీ. తలుపుకి కాగితం అంటించి ఉంది. ఈ రోజు మీ కుటుంబాలతో ఇంటి దగ్గర గడపండి, వచ్చే ఆదివారం కలుద్దాం అని దాని సారాంశం. ఆ సంవత్సరం అమెరికాలో పేరున్న పెద్ద చర్చీలు చాలానే అలా చేశాయి. పేపర్లలో, టీవీల్లో పెద్ద చర్చ కూడా నడిచింది. వాలంటీర్లకి విశ్రాంతి కావాలి, పండగ నాడు జనం రారు, 24 నాడే అన్ని ఆరాధనలూ పెట్టాం కదా అన్నారు వాళ్ళు. ఆ మాటలు నాకు తర్వాత తెలిశాయి. ఆ క్షణంలో తెలిసింది ఒక్కటే, చలిలో తెల్లచీర మీద నా జాకెట్ వేసుకుని అమ్మ తాళం వైపు చూస్తోంది.

"పుట్టినరోజు ఎవరిదిరా?" అంది.

నేనేం మాట్లాడలేదు. అమ్మ కూడా రెట్టించలేదు. కారెక్కి, సంచిలోంచి ఆంధ్ర క్రైస్తవ కీర్తనల పుస్తకం తీసింది. హీటరు వేసుకుని, ఆ ఖాళీ పార్కింగ్‌లో కారులోనే మా అయిదుగురం ఆరాధన చేశాం. నేను లూకా రెండో అధ్యాయం చదివాను. అమ్మ మూడు పాటలు పాడింది, ప్రార్థన చేసింది, కానుక రుమాల్లో ముడేసి నా చేతిలో పెట్టి వచ్చే వారం వెయ్యి అంది. వెనక సీట్లో పిల్లలకి అదంతా పిక్నిక్ లాగా ఉంది.

చాలా రోజులు ఆ చర్చి మీద కోపంగా ఉన్నాను. తర్వాత నెమ్మది మీద తట్టింది, ఆ తాళంలో నా చెయ్యి కూడా ఉందని. దానికి ముందు ఏడు, అంటే 2004 నవంబరులో, థాంక్స్‌గివింగ్ రోజు రాత్రి ఒక సహోదరుడి ఇంట్లో కృతజ్ఞతా కూడిక. ఆ ఏడాది ప్రభువు చేసిన మేలు ఒక్కొక్కరూ చెబుతున్నారు. నా వంతు రాకముందే నేనూ, ఇంకొక స్నేహితుడూ మెల్లిగా లేచి వచ్చేశాం. ఎక్కడికో మీలో చాలామందికి తెలుసు, మీరూ నిలబడ్డారు. ఎలక్ట్రానిక్ సామాన్ల షాపు ముందు క్యూ! తెల్లవారి అయిదింటికి తలుపులు తీస్తారు, లాప్‌టాప్ సగం ధరకి. దుప్పట్లు కప్పుకుని, ఫ్లాస్కులో టీ పోసుకుని, రాత్రంతా. ఆ రాత్రి అక్కడ నాకు వినబడ్డ తెలుగు నేను ఏ సంఘంలోనూ వినలేదు. లాప్‌టాప్ దొరికింది. దానితో పాటు అక్కర్లేని సామాను మరో నాలుగు వందల డాలర్లకి కొన్నాను, ఆ క్రెడిట్ కార్డు బాకీ మే నెల దాకా తీర్చాను. ఉన్నవాటికి దేవునికి కృతజ్ఞత చెప్పాల్సిన రాత్రి, లేనివాటి కోసం వీధిలో నిలబడ్డాను. నన్నెవరూ బలవంతం చేయలేదు.

2008 నవంబరు 28న న్యూయార్కు దగ్గర లాంగ్ ఐలాండ్‌లో ఒక పెద్ద దుకాణం తలుపులు తెరవగానే జనం తోసుకుని లోపలికి పడ్డారు. అక్కడ పని చేసే 34 ఏళ్ళ మనిషి ఒకతను వాళ్ళ కాళ్ళ కింద పడి చనిపోయాడు. టీవీలో చూస్తూ నేను లేచి కట్టేశాను. ఆ గుంపులో మొహాలు నాకు తెలిసినట్టే ఉన్నాయి.

ఇదంతా ఎప్పట్నుంచి ఇలా అయింది అని కొంత చదివాను. ఒకప్పుడు ఈ దేశంలో గట్టి భక్తిపరులే క్రిస్మస్ వద్దన్నారు. ప్యూరిటన్లు మసాచుసెట్స్‌లో 1659లో చట్టమే చేశారు, క్రిస్మస్ చేసుకుంటే అయిదు షిల్లింగుల జరిమానా. 1681 దాకా అది నడిచింది. బైబిల్లో ఆ తారీఖు లేదు, పండగ పేరుతో తాగుడూ జూదమూ తప్ప భక్తి లేదు అనేవారు. 1621లో ప్లిమత్‌లో ఒక ముచ్చట జరిగింది. క్రిస్మస్ రోజు అందరినీ పనికి పిలిస్తే, కొత్తగా వచ్చినవాళ్ళు కొందరు ఈ రోజు పని చేయడానికి మా మనస్సాక్షి ఒప్పుకోదన్నారు. గవర్నరు బ్రాడ్‌ఫర్డ్ సరేనని వదిలేశాడు. మధ్యాహ్నం తిరిగొచ్చి చూస్తే వాళ్ళు వీధిలో బంతాట ఆడుతున్నారు! ఆట సామాను లాగేసుకుని, మిగతావాళ్ళు పని చేస్తుంటే మీరు ఆడుకోవడానికి నా మనస్సాక్షి ఒప్పుకోదు అన్నాడట. భక్తి ఉంటే ఇంట్లో కూర్చుని చేసుకోండి, వీధిలో ఆట మాత్రం వద్దన్నాడు. నాకు ఆ గవర్నరు మీద కొంచెం ఇష్టం కలిగింది. మనుషులు కఠినులే గాని సెలవు వేరు, పండగ వేరు అన్న సంగతి వాళ్ళకి తెలుసు.

మరి 1939కి వచ్చేసరికి చూడండి. ఆ ఏడు నవంబరులో అయిదు గురువారాలొచ్చాయి. థాంక్స్‌గివింగ్ చివరి గురువారం, అంటే 30వ తారీఖు. దానికీ క్రిస్మస్‌కీ మధ్య బేరాలకి రోజులు చాలవని వ్యాపారులు మొరపెట్టుకుంటే, ప్రెసిడెంటు రూజ్‌వెల్ట్ పండగని ఒక వారం ముందుకి జరిపాడు. సగం రాష్ట్రాలు ఒప్పుకున్నాయి, సగం ఒప్పుకోలేదు. మన టెక్సస్ రెండు రోజులూ సెలవిచ్చింది! చివరికి 1941లో కాంగ్రెసు నాలుగో గురువారమని చట్టం చేసింది. దేవునికి కృతజ్ఞత చెప్పే రోజుని దుకాణాల వీలు చూసి జరిపారు. మా శనివారం వాదనలో ఈ సంగతి చెబితే, మనం దుకాణం కోసం జరపడం లేదు కదా అన్నారు. నిజమే. మన వీలు కోసం జరుపుతున్నాం. తేడా ఎంతుందో నాకింకా తెలియడం లేదు.

ఇక్కడే ఒక మాట. ప్రతి డిసెంబరులో మన క్రైస్తవుల్లో కొందరు, అమెరికన్లే కాదు మనవాళ్ళూ, షాపులో క్యాషియరు 'హ్యాపీ హాలిడేస్' అంటే కోపం తెచ్చుకుంటారు. 2005లో అయితే దాని మీద షాపుల్ని బహిష్కరించాలని ఉద్యమాలే నడిచాయి. అంటే ఒక పక్క దుకాణం వాడు క్రీస్తు పేరు పలకలేదని పోట్లాట, అదే ఏడు క్రీస్తు పేరు పలకాల్సిన చోట తాళాలు. నా మటుకు నాకు ఆ క్యాషియరు అమ్మాయి ఏమన్నా ఫరవాలేదు. తెల్లారగట్ల నుంచి కాళ్ళ మీద నిలబడి ఉంది. నేను చిన్నప్పుడు ఒంగోలు బజారులో కొత్త బట్టలు కొన్నప్పుడు ఏ కొట్టు శెట్టిగారూ నాకు మెర్రీ క్రిస్మస్ చెప్పలేదు. అందువల్ల మా పండగకి లోటేమీ రాలేదు. పైగా పండగ నాడు మా ఇంటి అరిసెలు పక్కింటి హిందువులు తినేవారు, సంక్రాంతికి వాళ్ళవి మేం తినేవాళ్ళం. విశ్వాసం లోకానికి ఎదురు నిలబడాలి అంటే పక్కింటివాళ్ళకి ఎదురు నిలబడమని కాదు. వాళ్ళు మనకి అడ్డేమీ కారు. నా చేతిలోని కార్డే నాకు అడ్డు.

శాంతాక్లాజ్ సంగతి కూడా అడుగుతారు, పిల్లలకి చెప్పాలా వద్దా అని. మన ఊళ్ళలో కూడా క్రిస్మస్ తాత వచ్చేవాడు లెండి, దూది గడ్డం పెట్టుకుని పాటల వాళ్ళ ముందు గంతులేస్తూ. నేను మా పిల్లలకి అసలు నికొలస్ కథ చెప్పాను. నాలుగో శతాబ్దంలో, ఇప్పటి టర్కీ దేశంలోని మైరా అనే ఊరికి ఆయన బిషప్పు. ఒక బీద తండ్రికి ముగ్గురు కూతుళ్ళు, కట్నాలివ్వలేడు. ఇవ్వకపోతే ఆ ఆడపిల్లల బతుకులు అమ్ముడుపోవాల్సిందే. నికొలస్ రాత్రిపూట ఎవరికీ కనబడకుండా కిటికీలోంచి బంగారం మూటలు లోపలికి విసిరాడని కథ. కట్నం అంటే ఏమిటో తెలిసిన మనకి ఈ కథ ఎవరూ విడమరచి చెప్పక్కర్లేదు. మా అమ్మకి చెబితే, ఈయన ఒంగోల్లో పుట్టాల్సినవాడు అంది. రాత్రిపూట ఎందుకెళ్ళాడు? ఇచ్చింది ఎవరో తెలియకూడదని. ఆయన పేరు చెప్పి ఇప్పుడు మనం చేసేదేమిటి? ఇచ్చినవాడి పేరు, ధర కాగితం, మార్చుకోవాలంటే గిఫ్టు రసీదు, అన్నీ పెట్టి ఇస్తున్నాం.

మన దగ్గర అంతా పవిత్రంగా ఉండేదని నేను అనడం లేదు. కొత్త బట్టల కోసం మా నాన్న ప్రతి డిసెంబరులో వడ్డీకి అప్పు తెచ్చేవాడు. పండగ సాయంత్రం మా పేటలో తాగి పడిపోయినవాళ్ళని నేను చూశాను. ఇప్పుడైతే డిసెంబరు మొదలు కాకుండానే సెమీ క్రిస్మస్‌లు, నాయకుల ఫ్లెక్సీలు, మీటరు పొడుగు కేకు, మైకులో పొగడ్తలు. లోకం పడమటి దేశాల్లోనే ఉందనుకుంటే పొరపాటు.

అయితే మావాళ్ళ దగ్గర ఇంకొకటి కూడా ఉంది. 1876 నుంచి 78 దాకా పెద్ద కరువు. మద్రాసు ప్రభుత్వం కరువు పనిగా బకింగ్‌హాం కాలువ తవ్వించింది. ఒంగోల్లో ఉన్న అమెరికన్ బాప్టిస్టు మిషనరీ జాన్ క్లౌ అందులో కొన్ని మైళ్ళకి కాంట్రాక్టు తీసుకుని వేలమందికి పని, కూలి ఇప్పించాడు. వాళ్ళు బాప్తిస్మం ఇమ్మని అడిగారు. ఆయన ఇవ్వలేదు. తిండి కోసం వచ్చారో క్రీస్తు కోసం వచ్చారో తేలాలి అన్నాడు. ఏడాది పైగా ఒక్కరికీ ఇవ్వలేదు. పంపుతున్న దేశంవాళ్ళకి లెక్కలు చూపిస్తే ఎంత మెప్పు వచ్చి ఉండేదో ఆలోచించండి. కరువు పని ఆగిపోయాక, ఇక ఇవ్వడానికి డబ్బు లేదు, పోండి అన్నా కూడా పోలేదు జనం. అప్పుడు 1878 జూలై 3న వెల్లంపల్లి దగ్గర గుండ్లకమ్మలో ఒక్క రోజే 2,222 మంది బాప్తిస్మం పొందారు. మా తాతల తాతలు ఆ జిల్లా వాళ్ళే. కూలి డబ్బు లేని రోజున నిలబడ్డ జనం అన్నమాట. వాళ్ళ మునిమనవడు సగం ధర లాప్‌టాప్‌కి ప్రార్థన మధ్యలో లేచిపోయాడు.

సరే, మళ్ళీ మా వాదన దగ్గరకి. ఒక తమ్ముడు గట్టి ప్రశ్న వేశాడు. అన్నా, డిసెంబరు 25 అని బైబిల్లో ఎక్కడుంది? లేదు. ఆ తారీఖు మనకి దొరికేది రోములో 354 నాటి ఒక పంచాంగం లాంటి పుస్తకంలో. మన ఊళ్ళలో కూడా కొన్ని సహవాసాలవాళ్ళు ఈ పండగ అసలు చేయరు, వాళ్ళని నేను తప్పు పట్టను. కొందరు క్రిస్మస్ చెట్టుకి యిర్మీయా పదో అధ్యాయం అడ్డం వేస్తారు. అది విగ్రహం చెక్కడం గురించి, చెట్టు గురించి కాదు. ఆ వాదన నాకు నచ్చదు. కాబట్టి తమ్ముడితో అన్నాను, తారీఖులో మహిమ లేదు. కాని ఏడాదిలో ఒక్క రోజైనా మన వీలుని బట్టి కాక, దానంతట అది వచ్చి మన తలుపు తట్టే రోజు ఉండాలా వద్దా? మరియ యోసేపులకి వీలు చూసుకునే అవకాశం ఎవరిచ్చారు? నిండు చూలాలు జనాభా లెక్కలకి ప్రయాణం కట్టాల్సొచ్చింది. బిడ్డ పుట్టాక రాజుకి భయపడి పరాయి దేశం పారిపోవాల్సొచ్చింది. వీసా కాగితాల కోసం రాత్రులు నిద్ర లేకుండా ఉన్న మనలాంటివాళ్ళకి ఆ కథ అర్థం కాకపోతే ఇంకెవరికి అవుతుంది?

అప్పుడు మా సంఘంలో నర్సు పని చేసే ఒక చెల్లెలు లేచి అంది, "అన్నయ్యా, మీకు 25 సెలవు. నాకు కాదు. పోయిన నాలుగేళ్ళూ ఆ రోజు డ్యూటీలోనే ఉన్నాను." నా దగ్గర జవాబు లేదు. నిజానికి మాలో అలాంటివాళ్ళు చాలామంది. మోటెల్ డెస్కులో ఒకరు, గ్యాస్ స్టేషన్‌లో ఇద్దరు విద్యార్థులు, ఆసుపత్రుల్లో నలుగురు. నేను ఇంతసేపూ రోజు గురించి వాదించాను గాని, ఆ రోజు ఎవరికి దొరుకుతుందో చూడలేదు. ఫ్లోరిడా పోయేవాళ్ళ కోసం మార్చొద్దన్న మాట నేను వెనక్కి తీసుకోను. ఈ అమ్మాయి మాట మాత్రం నన్ను వదలలేదు. రెండు రోజులు ఆలోచించి ఆమెకే ఫోన్ చేశాను, డ్యూటీ ఎన్నింటికమ్మా అని. ఏడింటికి ఎక్కాలి అంది.

అందుకని ఇలా అనుకున్నాం. సంఘం మాటగా కాదు, అది ఇంకా తేలలేదు, శనివారం కూడిక ఎలాగూ ఉండొచ్చు. 25వ తారీఖు తెల్లవారి అయిదింటికి మా గరాజ్‌లో ఆరాధన. మా పల్లెలో లాగే. ఏడింటికి డ్యూటీ ఎక్కేవాళ్ళు ముందు వెళ్ళిపోవచ్చు, రాత్రి డ్యూటీ దిగేవాళ్ళు ఎనిమిదింటికి వస్తే మళ్ళీ ఇంకొకసారి పాడదాం, ఎవరం వద్దంటాం? బహుమతులు తేవద్దు. కానుక మాత్రం ఉంటుంది, అది ఈ ఊళ్ళో ఉద్యోగం పోయి అద్దె కట్టలేకపోతున్న ఒక కుటుంబానికి వెళుతుంది. ఎవరికో చెప్పను, మీరు అడగొద్దు.

అమ్మ 2017లో ప్రభువునందు నిద్రించింది. ఆవిడ కీర్తనల పుస్తకం నా దగ్గరే ఉంది. అట్ట ఊడింది, టేపు వేశాను. ఆ ఉదయం దాన్ని మా అబ్బాయి చేతికిస్తాను. వాడికి తెలుగు చదవడం రాదు, కూడబలుక్కుంటున్నాడు. మూడు పాటల్లో ఒకటి వచ్చింది, ఇంకా మూడు వారాలుంది.

గరాజ్‌లో చలిగా ఉంటుంది, స్వెట్టర్లు వేసుకుని రండి. కుర్చీలు ఇరవయ్యే ఉన్నాయి, మిగతావాళ్ళకి చాపలు. ఆ తర్వాత అరిసెలూ, టీ. నమ్మినవాళ్ళూ రావచ్చు, నమ్మనివాళ్ళూ రావచ్చు. మా పక్కింటాయన వస్తానన్నారు, అరిసెల కోసమే అని ముందే చెప్పేశారు.